తిరగలి పాటలో అత్త మాట

మా అత్తకు మాట పడిపోయిన ఏడాదిని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది నడుంనొప్పి. యుద్ధం రోజులు. తిరుపతిలో బియ్యం దొరక్క ఇంటింటా రాగులు విసురుకుంటున్నాం. ఒక ఉదయం ఆమె వాకిట్లో కూలబడింది. కుడిచెయ్యి, కుడికాలు చచ్చుబడ్డాయి. ఆమె నోటికి అంతవరకు వీధి వీధంతా జడిసేది. ఆ నోరే మూతబడింది.

ఆ తర్వాత ఆమె చేసిందల్లా ఒకటే. ఎడమచేత్తో తన పక్కన నేలమీద టపటపా కొట్టేది. నేను పొయ్యి దగ్గరనుంచి లేచి పరిగెత్తేదాన్ని. నీళ్ళిస్తే వద్దని తల ఊపేది. ఆకూవక్కా ఇచ్చినా అంతే. దుప్పటి సర్ది ఇవతలికి రాగానే మళ్ళీ కొట్టేది. సత్రంలో వంట ముగించుకుని వచ్చిన మా ఆయన, "అమ్మకు ఏం గావల్నో అడగరాదా?" అనేవాడు. అడిగితే చెప్పే నోరే ఉంటే నాకీ తిప్పలెందుకు? ఒళ్ళు మండిపోయేది.

మాది ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని విసిరే తిరగలి. అత్తాకోడళ్ళు ముఖం మీద అనుకోలేనివన్నీ విసిరేటప్పుడు పాటలో కలిపి అనుకునేవాళ్ళు. పాటలో అన్నదానికి అలగకూడదు, పాటలోనే జవాబివ్వాలి. అది మా ఇళ్ళలో మర్యాద. నా పులుసు ఉప్పుకశం అన్న సంగతి నాకు అలాగే తెలిసింది.

ఆమె పడ్డాక ఒక్కదాన్నే నోరు మూసుకుని విసిరేదాన్ని. ఒకనాడు నిద్ర ఆపుకోలేక పాటెత్తుకున్నాను. మొదటి చరణం అయిందో లేదో, వెనకనుంచి రెండోది వచ్చింది. ఒక్క మాట తడబడలేదు. తిరిగి చూస్తే మా అత్తే.

పక్కింటి అక్క విని పరిగెత్తుకొచ్చింది. "మాట పోయినామె పాడతా ఉందంటే ఊరికేనా మే? గంగమ్మ వచ్చిండాది" అని పసుపునీళ్ళు చల్లింది. వాకిలి జనంతో నిండింది. వానెప్పుడని ఒకరు, పెళ్ళెప్పుడని ఒకరు. పాట ఆగితే ఆమెకు మాట లేదని ఎవరికీ పట్టలేదు. ముఖం మీద వేపమండలు ఆడిస్తుంటే మా అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అందరూ పోయాక ఆ వేపాకంతా ఊడ్చింది నేనే.

ఆస్పత్రి డాక్టరు నింపాదిగా చెప్పాడు. "మెదడులో మాట పుట్టే చోటు దెబ్బతినిందమ్మా. పాటకు ఇంకో పక్క కూడా చోటుంటుంది. ఆ దారిన మాట వస్తుందేమో చూడండి. రోజూ పాడించండి." మందేదీ లేదట. ఉన్న చాకిరీకి తోడు నాకు ఇదొకటి.

ఆమెను గోడకు ఆనించి, ఎడమచేతిని తిరగలి పిడిమీద పెట్టించి, రోజూ పాడించాను. పాత పాటల్లోని మాటలు తప్ప సొంతమాట ఒక్కటీ రాలేదు. నాకు విసుగెత్తిపోయింది. అలాంటి ఒక పూట ఆమె పిడి వదిలి మళ్ళీ నేల కొట్టింది. లేద్దామంటే కాళ్ళు రాలేదు. విసురుతూనే, ఏడుపు దిగమింగి, పాటలోనే అడిగాను.

"నీళ్ళు గావల్నా అత్తా, ఆకు గావల్నా, ఏమి గావల్నో సెప్పు అత్తా..."

ఆమె పెదవులు చాలాసేపు కదిలాయి. తర్వాత అదే రాగంలో, నేనెన్నడూ వినని చరణం వచ్చింది.

"ఏమీ వద్దు కోడలా, అలిసినావు కోడలా, ఈడ నా పక్కన పండుకో కోడలా..."

పాటలో అన్నదానికి పాటలోనే జవాబివ్వాలి. ఆ పూట నేను ఆ మర్యాద తప్పాను. తిరగలి వదిలేసి వెళ్ళి, ఆమె చెయ్యి కొట్టిన చోట పడుకున్నాను.