పెరట్లో సన్నని గుంటలు

మా వంశానికి మిగిలిన ఆయుధం ఒక్కటే, మూడు పలకల సన్నని బాకు. దానికి కోసే అంచు లేదు, పొడిచే మొన మాత్రం ఉంది. గురజాలలో మా తాత గుర్రం దిగితే బజారంతా లేచి నిలబడేదట. ఇప్పుడు ఆ ఇంటి సగంలో నేనుంటాను. మిగతా సగాన్ని ఒక మోటారు మెకానిక్ కుటుంబానికి అద్దెకిచ్చి ఎనిమిదేళ్లయింది.

మా పెద్దలు పెరట్లో బంగారం పాతారని ఊళ్లో ఒక మాట ఉంది. పాతిందేమీ లేదు. ఉన్నదంతా అమ్ముకున్న కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. అయినా ఎవరితోనూ కాదనలేదు. నేను వెళ్తే టీ కొట్టు దగ్గర బెంచీ మీద జరిగి చోటిచ్చేది ఆ మాటకేనని నా నమ్మకం.

మొన్న వానలకు నేల మెత్తబడ్డాక పెరట్లో గుంటలు కనిపించాయి. వేలు పట్టేంత సన్నవి, గోడ నుంచి బావి దాకా వరుసగా. మర్నాటికి ఇంకొన్ని. నిధుల కోసం పాడుబడ్డ గుళ్లలో నందులనే పెకలిస్తున్న రోజులివి. ఎవరో ఏదో గుచ్చి చూస్తున్నారనుకున్నాను. బాకు తెచ్చి ఒక గుంటలో దించితే సరిగ్గా పట్టింది, వదిలేసినా నిలబడింది. బాకు ఉండే పెట్టెకు తాళం లేదు. మెకానిక్ భార్య రోజూ నా గదులు ఊడ్చి పోతుంది. నా బాకుతోనే నా నేలను పొడుస్తున్నారా?

“ఏంది బాబాయ్, పొద్దున్నే ఏం ఎతుకుతున్నారు?” అన్నాడు మెకానిక్ గోడ పక్క నుంచి. ఆ అడగడంలోనే నాకు దొంగ కనిపించాడు.

“నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యి.”

“మేం చేసిన తప్పేంది?”

నేను లోపలికి వెళ్లిపోయాను.

ఆ మధ్యాహ్నం నిద్రపోతున్నట్టు తలుపు మూసి, బాకు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. మెకానిక్ కూతురు చప్పుడు కాకుండా వచ్చింది. అటూ ఇటూ చూసి, సంచిలోంచి సన్నని ఎత్తు మడమల చెప్పులు తీసి తొడుక్కుంది. చేతులు చాచి నడవసాగింది. అడుగు వేసినప్పుడల్లా మడమ నేలలో దిగబడితే పీక్కుంటోంది. దిగబడినచోటల్లా ఒక గుంట.

నేను బయటికొచ్చాను. ఆమె చూపు నా చేతి మీద పడింది.

“ఏంది తాతా, పొడుస్తారా ఏంది!”

“ఇదేం పనే?”

“మా నాన్నకి చెప్పమాకండి. ఎయిర్‌పోర్టులో ఉద్యోగానికి పిలిచారు. సోమవారం ఇయ్యేసుకుని నడవాల. లోపల నాపరాళ్ల మీద టకటకమంటే ఇనపడుద్ది. వస్తేనే చెబుదామని.” బాకును మళ్లీ చూసింది. “ఈ చెప్పుల పేరు స్టిలెటో. అట్టాంటి సన్న బాకు పేరేనంట, ఫోన్లో చూశా.”

“బంగారం కోసం గుచ్చుతున్నారనుకున్నాను.”

ఆమె ఫక్కున నవ్వింది. “మీ ఇంట్లో బంగారమా? ఏం లేదని ఊరందరికీ తెలుసు తాతా. మీ ముందు అనొద్దంటాడు నాన్న, పెద్దాయన బాధపడతాడని.”

బాకు కిందికి దించాను. తర్వాత, “నేలకేసి చూడకు. నడుం నిటారుగా పెట్టి ఎదురుగా చూడు,” అన్నాను. ఈసారి తూలకుండా బావి దాకా వెళ్లింది.

సాయంత్రం మెకానిక్‌తో ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదన్నాను. ఎందుకని అడిగాడు. పిల్ల చెప్పొద్దంది కనుక చెప్పలేదు. నన్ను ఎగాదిగా చూసి, “ఒంట్లో బాగానే ఉందా బాబాయ్?” అన్నాడు.

మర్నాడు టీ కొట్టు దగ్గర ఎప్పటిలాగే బెంచీ మీద జరిగి చోటిచ్చారు. ఒక్కొక్కరి ముఖమూ చూశాను. టీ నిలబడే తాగాను.