మలుపులో కూర్చున్న ఆర్విడ్

మా ఉత్తర మిషిగన్‌లో నవంబరు వచ్చి జింకల వేట మొదలైందంటే ఆర్విడ్ లాహ్టికి నడుం నొప్పి కూడా మొదలవుతుంది. అడవి బాట మలుపులో "వేటగాళ్లున్నారు, నెమ్మది" అన్న బోర్డు పాతడం మా బైకుల క్లబ్బులో ఎప్పటినుంచో ఆయన పనే. ఏటా ఆ బోర్డును బైకులవాళ్లు గుద్దేస్తారు, వేటగాళ్లు గురి చూసుకోవడానికి తూట్లు పొడుస్తారు. దాన్ని చదివే ఓపిక మాత్రం ఎవరికీ లేదు.

ఈసారి ఆయన మేకు కొడుతుంటే చెట్టు మీది మంచె నుంచి వేటగాడు డ్వేన్ అరిచాడు. "ఏంటయ్యా ఆ చప్పుడు? పొద్దున్నుంచి కాసుక్కూర్చున్నా, వచ్చిన ఒక్క జింకా పారిపోయింది!"

అంతలో మా క్లబ్బు పిల్ల కెల్సీ బైకు మీద దూసుకొచ్చి, బురద చిమ్ముతూ ఆగింది. "దారికి అడ్డంగా ఏంటి తాతా, చూసుకోవద్దూ?"

ఆర్విడ్ సుత్తి కింద పడేశాడు. "మీ ఇద్దరి మధ్యా చచ్చేది నేనే!" అంటూ బోర్డును పొదల్లోకి విసిరేసి, వేటగాళ్లు జింకనుకుని కాల్చకుండా వేసుకున్న నారింజ రంగు కోటుతోనే పక్కనున్న మొద్దు మీద చతికిలబడ్డాడు.

చిత్రమేమిటంటే, ఆ రోజు వచ్చిన ప్రతి బండీ ఆయన్ని చూసి నెమ్మదించింది. డ్వేన్ కూడా మంచె దిగొచ్చి ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చాడు. సాయంత్రం ఆయన్ని ఇంటికి తీసుకెళదామని నేను వెళితే, "రేపు కూడా ఈయన్నే కూర్చోబెట్టు, బోర్డు కంటే నయం," అన్నాడు డ్వేన్.

ఆర్విడ్ మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు.

"బోర్డు విరిగితే క్లబ్బువాళ్లు కొత్తది చేయిస్తారు," అన్నాడు నాతో. "మరి నా సంగతేంటి?"