వెర్లిన్ కారు మీది రెండక్షరాలు

వెర్లిన్ ప్రూయిట్ తన కారును ఆడపిల్లకు అమ్మనన్నాడట. ఈ మాట ట్విలా జుట్టు కత్తిరించే కొట్లో పుట్టింది. ఆదివారానికి చర్చి మెట్లెక్కింది. నా చెవిన పడేసరికి దానికి కాళ్ళూ చేతులే కాదు, తోక కూడా మొలిచింది. చచ్చిపోయిన హోబర్ట్ మీద కక్షను అతని కూతురి మీద తీర్చుకున్నాడని ఒకరు, ముసలాడికి పొగరు తలకెక్కిందని ఒకరు. అన్నీ ఉత్త మాటలే. అసలు సంగతి ఇంతకన్నా సిగ్గుచేటు. అది నాకు తెలుసు, ఎందుకంటే అడిగినదాన్ని నేను. రాయమన్నది మాత్రం వెర్లినే.

"నా నోట రానిది ఆ పిల్ల నీ రాతలో చదువుకుంటుంది. రాసేటప్పుడు నన్ను మంచివాణ్ణి చెయ్యకు, ఓమా అత్తా," అన్నాడు.

నేను అయిదో తరగతితో బడి మానినదాన్ని. మంచివాళ్ళను చేసేంత చదువు నాకెక్కడిది?

మా వీధిలో అందరం కెంటకీ కొండల్లోంచి ఈ మిషిగన్‌కు కార్ల కార్ఖానాలో పనికి వచ్చినవాళ్ళమే. వెర్లిన్ వచ్చినప్పుడు మూతి మీద నూగుమీసం, ఒంటి మీద అన్న చొక్కా. లైనులో అతనికిచ్చిన పని, ఎదురుగా కదిలిపోయే కార్లకు పేరు బిళ్ళలు బిగించడం. పక్క చోటు హోబర్ట్ కాడిల్‌ది, అద్దాల చుట్టూ రబ్బరు తొడిగేవాడు. ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు కాకపోయినా ఒకే తల్లి బిడ్డల్లా తిరిగేవాళ్ళు. నా వంటింట్లో చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె ఇద్దరూ ఒకే పళ్ళెంలో పెట్టుకుని తినడం నేను చూశాను.

ఆ రోజుల్లో లోరీన్ అనే పిల్ల వెంట సగం కార్ఖానా పడింది. వెర్లిన్‌కు డబ్బూ లేదు, మాటా లేదు. ఒక వేసవిలో ఒహాయోలో అన్న ఇంటికి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు ఎర్రటి షెవెల్ కారులో వచ్చాడు. నల్ల చారలు. రేడియేటర్ ముందుండే జల్లెడ మీద ఎస్.ఎస్. అని రెండక్షరాలు. ఆ అక్షరాలుంటే పెద్ద ఇంజనుతో పుట్టిన జాతిగుర్రమని అర్థం, లేకపోతే పంతులమ్మలు బడికి వెళ్ళే మామూలు బండి. అతను స్టార్టు చేస్తే నా అలమారలో పళ్ళేలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. లోరీన్ మూడో వీధి నుంచి ఆ చప్పుడు విని గుమ్మంలోకి వచ్చేదట. వచ్చింది, ఎక్కింది, పెళ్ళాడింది.

అప్పటి నుంచి ఆ కారే అతని పేరు. వెర్లిన్ ఎవరని అడిగితే ఎర్ర షెవెల్ వెర్లిన్ అని చెప్పాలి. ఆదివారం చర్చి అయ్యాక బానెట్ ఎత్తిపెడితే, మగాళ్ళంతా కాఫీలు పట్టుకుని, తొట్టిలో పసిబిడ్డను చూసినట్టు వంగి చూసేవాళ్ళు.

కార్మికుల పండుగ రోజు యూనియన్ హాలు మైదానంలో కార్ల ప్రదర్శన జరుగుతుంది. పుట్టినది పుట్టినట్టే ఉన్న పాత కారుకు వెండి కప్పు. ఏటా అది వెర్లిన్‌కే. హోబర్ట్‌కు నీలం నోవా కారు ఉండేది, అందులో ఒక్క బోల్టు కూడా మార్చి ఎరగడు. అది ఏటా రెండోదే. వెర్లిన్ కప్పు అందుకుంటుంటే ముందు చప్పట్లు కొట్టేది హోబర్టే, వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసేది కూడా అతనే.

బయటి ఊళ్ళ ప్రదర్శనల్లో కారు కింద దూరి చూస్తారట. ఇంజను మీద కొట్టిన నంబరూ, కారు ఒంటి మీది నంబరూ కలవాలి. మాలో ఆ ఆచారం లేదు. ఒకే లైనులో నిలబడినవాణ్ణి నీ నంబరు చూపించమనడం, నీ అమ్మ పెళ్ళి ఎప్పుడయిందని అడగడం లాంటిది. ఎవరూ అడగరు.

లోరీన్ పోయింది. వెర్లిన్ మోకాళ్ళు క్లచ్ తొక్కనివ్వలేదు. కిందటి చలికాలం హోబర్ట్ కూడా పోయాడు. ఈ వసంతంలో షెవెల్ అద్దానికి అమ్మకానికని అట్టముక్క వేలాడింది.

నేను వరండాలోంచి చూస్తూనే ఉన్నాను. ముందు బయటి ఊరివాళ్ళు ఇద్దరు వచ్చారు. ఒకడు చేతి అద్దం, టార్చిలైటు తీసి వెల్లకిలా పడుకుని కారు కిందికి పాకాడు. నాకు కాళ్ళు ఆగలేదు. పొద్దుటి రొట్టె పళ్ళెంలో పెట్టుకుని రోడ్డు దాటాను.

"పెద్దాయనా, ఇంజను నంబరొకటి, బండి నంబరొకటి," అంటున్నాడు అద్దంవాడు, ప్యాంటు దులుపుకుంటూ. "ఇది పుట్టిన ఎస్.ఎస్. కాదు, తొడుక్కున్న ఎస్.ఎస్. తెలిసే అమ్ముతున్నావా?"

వెర్లిన్ తన బూట్ల వంక చూసుకున్నాడు. మొహం కారు రంగుకు తిరిగింది. రెండోవాడు నవ్వి, పావు ధర చెప్పాడు. వెర్లిన్ తల అడ్డంగా ఊపాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. నేను రొట్టె మెట్టు మీద పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా ఇంటికొచ్చాను. నా జన్మలో అలా రావడం అదే మొదలు.

ఆ వారమే హోబర్ట్ కూతురు రెనే వచ్చింది. బడి బస్సు నడుపుతుంది, గొంతు బస్సు హారనంత ఉంటుంది. ఈసారి నాకు రోడ్డు దాటే పని పడలేదు.

"బాబాయ్! బోర్డులో ఎంతుందో అంతా తెచ్చాను, బేరం ఆడను. నాన్న నోవా పక్కనే నిలబెడతాను దీన్ని. జిల్లాలో ఒకటే నికార్సయిన కారుంది, అది మీ బాబాయిదే అని చచ్చేదాకా చెప్పాడు నాన్న."

వెర్లిన్ నిలబడే ఉన్నాడు. ఆ పిల్ల కారు చుట్టూ తిరగలేదు, వంగలేదు. జల్లెడ మీది రెండక్షరాలను చొక్కా అంచుతో తుడిచింది.

"నీకు అమ్మను," అన్నాడు.

"ఏంటి బాబాయ్, హాస్యమా?"

"అమ్మనంతే. ఇంటికి పో."

"ఎందుకని? ఆడదాన్నని నడపలేననా? అరవై మంది పిల్లలున్న బస్సు మంచులో తోలుతాను నేను!"

వెర్లిన్ అట్టముక్క తీసి చంకలో పెట్టుకుని లోపలికి పోయాడు. ఆ పిల్ల వాకిట్లో ఏడ్చింది. మర్నాడు పొద్దున అట్టముక్క మళ్ళీ అద్దానికి వేలాడింది. వీధికి అది చాలు.

చర్చి విందులో వెర్లిన్ కూర్చున్న బల్ల దగ్గర ఒక్కడు కూర్చోలేదు. ట్విలా అతనికి వినబడేలా, "మగాళ్ళకు మాత్రమే అని కూడా బోర్డు మీద రాయించుకో వెర్లిన్," అంది. అందరూ నవ్వారు. అతను తల ఎత్తలేదు, కాదనలేదు. ఆడపిల్లంటే లోకువ చేసే మనిషి కాదని నాకు తెలుసు. లోరీన్ మంచాన పడితే రెండేళ్ళు జడ వేసినవాడు. కాదని ఒక్క ముక్క చెబితే చాలు. ఆ ముక్క చెప్పాలంటే కారు సంగతి చెప్పాలి, కారు సంగతి చెబితే కప్పులన్నీ చెప్పాలి. అందుకని చెయ్యని తప్పును మొహాన పూసుకుని కూర్చున్నాడు.

నేను నా పళ్ళెం తీసుకెళ్ళి అతని ఎదురుగా కూర్చున్నాను. తిని లేచాక ఇద్దరం అతని షెడ్డుకు నడిచాం. అక్కడ కప్పులన్నీ అర మీద ఉండేవి. ఇప్పుడు గోనెగుడ్డ కప్పి ఉంది.

"ఆ అక్షరాలు ఎక్కడివి?" అన్నాను.

"ఎక్కడివేంటి? లైనులో నేను బిగించేవే. టిఫిన్ డబ్బాలో వచ్చాయి."

దానికి నేనేమీ ఆశ్చర్యపోలేదు. మా వీధిలో సగం ఇళ్ళ గొళ్ళేలు కార్ఖానా గేటు దాటి డబ్బాల్లో వచ్చినవే.

"అన్న దొడ్లో మామూలు షెవెల్‌కి ఎర్ర రంగేశాను. నుజ్జయిన బండిలోంచి ఇంజను తెచ్చి దించాను. లోరీన్‌కి పెళ్ళయ్యాక చెబుదామనుకున్నా. అప్పటికే అందరూ చూస్తున్నారు. తర్వాత కప్పు ఇచ్చారు. ఒకటి తీసుకున్నాక రెండోది ఎట్టా వద్దంటాను, అత్తా?"

"వద్దనొచ్చు," అన్నాను.

"అనొచ్చు," అన్నాడు.

గోనెగుడ్డ అంచు సర్దాడు. నేను కారు వైపు తిరిగాను. ఇక నా నాలుక ఆగలేదు.

"సరే, హోబర్ట్ పోయాడు. ఆ కప్పు న్యాయంగా తనదని తెలియకుండానే పోయాడు పాపం. ఆ పిల్లకైనా ఉన్నమాట చెప్పి, ఆ బయటి ఊరివాడు చెప్పిన పావు ధరకే ఇచ్చెయ్యొచ్చుగా? చెప్పకుండా ఎందుకు తరిమావు? సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పు."

వెర్లిన్ ఆ రెండక్షరాల మీద వేలు పెట్టాడు.

"హోబర్ట్‌కి తెలియకపోవడమేంటత్తా? ఆ అక్షరాలు తెచ్చిన సాయంత్రం గేటు దగ్గర కాపలావాడు నా డబ్బా తెరవమన్నాడు. వాణ్ణి మాటల్లో పెట్టి నన్ను దాటించింది హోబర్టే. కన్నకూతురికి కూడా చెప్పలేదని మొన్న ఆ పిల్ల నోరు తెరిచాకే నాకు తెలిసింది. చచ్చేదాకా వాడు కాచిన మాటను ఆ పిల్ల మొహాన ఎట్టా చెప్పను, చెప్పకుండా ఆ డబ్బెట్టా పుచ్చుకోను?"