నమూనాకు ఒక్క సిలిండర్

ఆర్మూర్‌లో మాది పసుపు కమీషన్ అడ్తి దుకాణం. రైతు సంచి మూతి విప్పగానే మా బాపు ఒక కొమ్ము తీసి, పుటుక్కున విరిచి, లోపలి రంగు చూసి, గుట్ట మొత్తానికీ తీర్పు చెప్పేవాడు. బజారులో ఆయన మాట చెల్లింది ఆ విరుపు మీదనే. మా అన్న కారు పాడైందీ దాని మీదనే.

అరవైల మొదట్లో సంగతి. నేను అప్పటికి హైదరాబాద్ పత్రిక ఒకదానికి మా ఊరి వార్తలు పంపుతున్నాను. అన్నకు దుకాణమంటే పడదు. లెక్క రాక కాదు, రోజంతా ఒక్కచోట కూర్చోలేక. బాపు కొన్న పాత ఇంగ్లండు కారును బాగుచేసుకుని టాక్సీ నడుపుతానని పట్టుబట్టాడు. బాల్కొండ, నిర్మల్, అక్కడి నుంచి ఘాటెక్కి ఆదిలాబాద్. ఆ దారిన బస్సు కోసం ఎండలో నిలబడేవాళ్లకు కొదవ లేదు.

చదును రోడ్డు మీద కారు బాగానే పోయేది. అయిదుగురు కూర్చుంటే మాత్రం ఘాట్ రెండో మలుపులో రొప్పి, ఆవిరి కక్కి, ఆగిపోయేది. ఒకనాడు అందులో బాపు కూడా ఉన్నాడు. తోటి అడ్తిదారుల ముందు దిగి, ధోవతి ఎగ్గట్టి కారు తోశాడు. ఇంటికి రాగానే షరతు పెట్టాడు.

"కొత్త పసుపు బజారుకొచ్చే లోపల గిది అయిదుగురితోని ఆగకుండ ఘాటెక్కాలె. ఎక్కితే నీది. లేకుంటే అమ్మేస్త. నువ్వొచ్చి దుకాణంల గద్దె మీద కూసో."

కొత్త పసుపుకు ఇంకా రెండు నెలలుంది. నిజామాబాద్‌లో లేత్ పెట్టుకున్న ఉస్తాద్ దగ్గరికి ముగ్గురం పోయాం. ఆయన ఇంజన్ విప్పి చూసి, బీడీ ముట్టించుకుని చెప్పాడు.

"బలం రెండు తీర్ల వస్తది సేట్. రోలు వెడల్పు చేసుడు ఒకటి. రోకలి ఇంకింత ఎత్తి దంచుడు ఇంకోటి."

రోలంటే సిలిండర్. దాన్ని తొలిచి పెద్ద పిస్టన్ వేస్తారు. రెండోదానికి మా కారు చేసిన కంపెనీవాళ్ల వ్యానులోని క్రాంకు, అంటే పిస్టన్లను ఆడించే ఇరుసు, కావాలి. దాని వంపు ఎక్కువ, అది బిగిస్తే పిస్టన్ ఎక్కువ దూరం నడుస్తుంది. అన్న అప్పటికే హైదరాబాద్ పాత సామాన్ల బజారంతా గాలించి అలాంటి క్రాంకు తెచ్చి, గ్రీజు పూసి గోనెసంచిలో చుట్టి దాచాడు. దానికి సరిపడే పిస్టన్లూ దొరికాయి, సిలిండర్ల పాత సైజులోనే.

"ముసలి ఇంజను ఉస్తాద్. గోడ అవతల నీళ్లు తిరుగుతయి. గా దిక్కు ఎంత తుప్పు తిన్నదో ఎవలకెరుక? తొలవద్దు" అన్నాడు అన్న.

"క్రాంకు వెట్టాలంటే ఇంజను బ్లాకు కింద అరగదీయాలె, రాడ్లు మార్చాలె. గది నాతోని కాదు. సికింద్రాబాద్ పంపు, నెల పడ్తది. తొలుసుడైతే వారం" అన్నాడు ఉస్తాద్.

బాపు నా వైపు తిరిగాడు. "పేపరోనివి గద, నువ్వు జెప్పు."

నేను రెండు పక్షాల వాదనలూ శ్రద్ధగా విని, అరపేజీ రాసి, రెండింటిలోనూ లాభనష్టాలున్నాయని ముగించాను. నాకు నేర్పిన పద్ధతి అదే. అన్న ఆ కాగితం చదివి నా చేతిలో పెట్టాడు.

"తమ్మీ, గిది ఎలచ్చన్ వార్త గాదురా."

మూడు వారాలు వాదనలతోనే పోయాయి. చాయ్ హోటల్లో, ఎన్నడూ కారెక్కనివాళ్లకు కూడా అభిప్రాయాలున్నాయి. సికింద్రాబాద్ పంపితే ఈపాటికి ముప్పావు పని అయ్యేదని అన్న రోజూ సణిగేవాడు. చివరికి బాపు తేల్చాడు.

"ఒక్కదాన్ని తొలువు. నమూనా చూద్దాం."

ఉస్తాద్ నవ్వాడు. "సేట్, గిది పసుపు గాదు."

"తెల్సు. గోడ మంచిగుంటే తతిమ్మవి తొలువు. లేకుంటే ఆపు."

"ఒక్కటి తొలిసినంక ఆపుడేంది బాపూ?" అన్నాడు అన్న. "నా పిస్టన్లు పాత సైజువి. ఒక్కటి పెద్దగైతె గా తొవ్వ మూసినట్టే."

"కొమ్ము విరవకుండ గుట్ట ఎవడన్న కొంటడార?"

అన్న నన్ను చూశాడు. అతను చెప్పేది నిజమని నాకు తెలుసు. లేత్ పట్టీ తిరగడం చూస్తూ నిలబడ్డాను.

మొదటి సిలిండర్ అద్దంలా వచ్చింది. బాపు లోపల వేలితో తడిమి, పైన వేలి కణుపుతో కొట్టి, "ఠంగుమంటున్నది. కొట్టు తతిమ్మవి" అన్నాడు. రెండోదీ బాగానే వచ్చింది. మూడోదానిలో సగం దిగాక నల్లటి చార కనబడింది. ఉస్తాద్ మిషన్ ఆపి, నీళ్ల దారిలో ఒక చెంబు పోశాడు. సిలిండర్ గోడ మీద చెమటలా చుక్కలు పొడిచాయి.

"లోపల ఇంకో గొట్టం, స్లీవ్, వేయరాదా?" అన్నాన్నేను. అన్ని రోజుల్లో నేను చెప్పిన మొదటి అభిప్రాయం అది.

"గోడే లేదు. స్లీవ్ దేన్ని పట్టుకొని నిలవడ్తది?"

బాపు వంగి చూసి, "సంచి అడుగున పచ్చి పసుపు వెట్టినట్టున్నది" అన్నాడు, ఎవరో తనను మోసం చేసినట్టు. అన్న క్రాంకు ఉన్న గోనెసంచిని భుజానికెత్తుకుని బయటికి నడిచాడు. దుకాణంలోనైతే, కొత్త రైతు తెచ్చిన సంచిలో బాపు మోచేతి దాకా చేయి దించి అడుగు చూసేవాడు. ఆ రోజు ఆ సంగతి ఆయనకు గుర్తు రాలేదు, నేను గుర్తు చేయలేదు.

ఆ నెలలో ఇంకో బ్లాకు ఎక్కడా దొరకలేదు. బాపు షరతు మారలేదు. కారును విడిభాగాలుగా అమ్మేశాడు.

కొత్త పసుపు వచ్చిన మొదటి రోజు అన్న గద్దె మీద కూర్చున్నాడు. వేల్పూర్ రైతు బండి వచ్చింది. బాపు కొమ్ము విరిచి తలూపాడు. అన్న హమాలీని పిలిచాడు.

"అన్ని సంచులు కుమ్మరించు."

రైతు ముఖం చిన్నబోయింది. "ఏంది సేటూ, నమ్మకం లేదా?"

"నీ మీద గాదు కాకా."

వెనక బండ్లు ఆగాయి, ఎడ్ల గంటలు, తిట్లు. "గిట్లయితె ఈడనే పొద్దుగూకుతది" అన్నాడు బాపు.

"గూకనియ్యి" అన్నాడు అన్న, మూడో సంచి తాడు తనే విప్పుతూ.

బాపు నా వైపు చూశాడు, అన్నకు బుద్ధి చెప్పమన్నట్టు. ఈసారి నేను రెండు పక్షాలూ చూడలేదు.

"కుమ్మరించనియ్యి బాపూ" అన్నాను.

అన్న నాలుగో సంచి తాడు అందుకున్నాడు. అన్న వైపు ఇలాంటి మాట నేను నెల కింద, లేత్ పక్కన నిలబడి అనవలసింది.