నాలుగు గంటల దూరంలో బాపు

చిన్నప్పుడు, నేను ఐదో తరగతిలో ఉండగా... మా బాపు, అంటే మా నాన్న, దుబాయ్ వెళ్లాడు. ఇబ్రహీంపట్నంలో ఇళ్లకు టైల్స్ వేసే మేస్త్రీ ఆయన. అక్కడ పని బాగా దొరుకుతుందని తెలిసినవాళ్లెవరో పిలిచారు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. పక్కనే మంచాల అనే ఊళ్లో ఉన్న అమ్మమ్మ ఇంటికంటే దూరం నేనెరగను మరి...

బడిలో సోషల్ సారును అడిగాను. ఆయన గోడమీది మ్యాపు మీద హైదరాబాద్ నుంచి ఢిల్లీకి దారం పెట్టి కొలిచాడు. అంతకు రెండింతలు పోతే దుబాయ్ అన్నాడు. నా ముఖం చూసి, విమానంలో నాలుగు గంటలేనమ్మా అని కూడా చెప్పాడు.

ఇంటికొచ్చి చెబితే మా నాయనమ్మ ఢిల్లీని పట్టించుకోలేదు. గంటల మాటే పట్టుకుంది.

"శ్రీశైలం బస్సు కన్నా జల్ది పోతడు. గింత దానికి ఏడుస్తరా బిడ్డా?"

వాడకట్టంతా తిరిగి ఇంటింటికీ అదే చెప్పుకొచ్చింది. దారిలో తినమని బాపు సంచిలో సర్వపిండి కూడా పెట్టింది...

దసరా వచ్చింది, బోనాలొచ్చాయి. ఫోన్‌లో బాపు గొంతే తప్ప బాపు రాలేదు. ఒకరోజు బియ్యం చెరుగుతున్న నాయనమ్మ దగ్గర కూర్చున్నాను.

"నాలుగు గంటలల్ల వచ్చేటోడు ఎందుకొస్తలేడే?"

ఆమె చాట పక్కన పెట్టింది.

"దారి దగ్గరనే ఉన్నది బిడ్డా... సెలవే దూరమున్నది."

రెండేళ్లకు ఆ సెలవు దొరికింది. జీపు మాట్లాడుకుని అందరం శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు వెళ్లాం. బాపు పోయేటప్పుడు పాకే తమ్ముడు అప్పటికి పరుగులు పెడుతున్నాడు. బాపు ఎత్తుకోబోతే అమ్మ కొంగు చాటుకు పోయి, ఈ అంకుల్ ఎవరని అడిగాడు. అందరం నవ్వాం. బాపు కూడా నవ్వాడు... కానీ నా చెయ్యి పట్టుకున్న ఆయన వేళ్లు గట్టిగా బిగుసుకున్నాయి.

ఇంటికొచ్చాక బాపు వాణ్ని పిలవలేదు, బతిమాలలేదు. వాకిట్లో కూర్చుని, మిగిలిపోయిన టైల్స్ ముక్కలతో చిన్న ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. తమ్ముడు గడప దగ్గర నిలబడి చూశాడు. మెల్లగా మెట్టు దిగాడు. చివరికి ఒక ముక్క తీసి అందించాడు... వారం తిరిగేసరికి బాపు పొట్టమీదే నిద్రపోయేవాడు.

సెలవు అయిపోవచ్చింది. అమ్మ పెట్టె సర్దబోతుంటే బాపు ఆపాడు.

"ఇగ నేను పోను."

నాయనమ్మ లేచి వెళ్లి, ఎసట్లో ఇంకో గ్లాసు బియ్యం పోసింది.

మా ఊరి దగ్గరి బొంగులూరు వైపు కొత్త ఇళ్లు లేస్తున్న కాలం అది... బాపుకు పని వెతుక్కోనవసరం లేకపోయింది. ఇప్పటికీ పొద్దున బండి మీద పోతాడు, పొద్దుగూకే వేళకు వస్తాడు.

ఈ రోజుల్లో ఏ ఊరికి ఎంత దూరమో, ఎన్ని గంటలో ఫోనే చెప్పేస్తోంది. మ్యాపు మీద దారం పెట్టి కొలిచే పని లేదు. సాయంత్రం వాకిట్లో బాపు బండి ఆగినా మా తమ్ముడు తలెత్తి కూడా చూడడు... రోజూ వచ్చే మనిషే కదా అని.

మీ ఇంట్లోనూ దూరం నుంచి వచ్చిన మనిషిని చూసి దాక్కున్నవాళ్లు ఉన్నారా? ఎంతసేపటికి దగ్గరికొచ్చారో చెప్పండి... వినాలనుంది.