కుందేలు పెట్టెకి ఎర్ర అట్ట

సి షిఫ్ట్ చేసేవాడి ఇంట్లో కుక్క ఉండకూడదు, చిలక అసలే ఉండకూడదు. రాత్రంతా డ్యూటీ చేసి పగలు పడుకోవాల్సిన మనిషి ఉన్న కొంప అది. మా క్వార్టర్లో పడగ్గది కిటికీకి ఖాకీ కాగితం అంటించి, దాని మీద పాత దుప్పటి మేకులతో కొట్టి ఉండేది. బయట మిట్టమధ్యాహ్నమైనా లోపల చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు. అందుకే మా అమ్మాయి ఏదో ఒకటి పెంచుకుంటానని ఏడాదిపాటు ప్రాణం తీస్తే, మా ఊరి పవర్ హౌస్ బజార్లో ఒక కుందేల్ని కొన్నాను. మొరగదు, అరవదు. నాకు దానిలో నచ్చిన గుణం అదొక్కటే.

అప్పటికి ఎం.పి. నుంచి విడిపోయిన మా రాష్ట్రం కొత్త. బళ్ల నంబర్లలో ఎం.పి. చెరిపించి సి.జి. రాయించుకుంటున్న రోజులు. నా స్కూటర్ మీద మాత్రం ఇంకా పాతదే ఉండేది. పెయింటర్ దగ్గరికి వెళ్లాలన్నా ఓపిక ఉండాలి కదా. ఇరవై ఏళ్లుగా ప్లాంటులో మెయింటెనెన్స్ ఫిట్టర్ని. షిఫ్టులు మారి మారి, ఏది పగలో ఏది రాత్రో నా ఒంటికి తెలియడం ఎప్పుడో ఆగిపోయింది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మిషన్ మీద చెయ్యి వేసే ముందు కరెంటు ఆపించి, స్విచ్‌కి ఎర్ర ట్యాగు తగిలిస్తాం. ఎవడు తగిలించాడో వాడే తియ్యాలి. అది వేలాడుతున్నంతసేపు ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఆ ఒక్క విషయంలో నా దగ్గర వేళాకోళాలు చెల్లవు.

ఇంట్లోనూ అదే పెట్టాను. ప్యాకింగ్ చెక్కలతో, ఇనప జాలీతో నేనే చేసిన కుందేలు పెట్టెకి ఒక ఎర్ర అట్టముక్క కట్టాను. నేను పగలు పడుకునే రోజుల్లో మా అమ్మాయి బడికి వెళ్తూ కుందేల్ని లోపల పెట్టి, గడియ వేసి, అట్ట తగిలించాలి. తిరిగొచ్చాక తనే తియ్యాలి. తొమ్మిదేళ్ల పిల్లకి పెద్ద ఉద్యోగం దొరికినట్టయింది. గడియని ‘చిట్కనీ’ అనేది. ఇక్కడ పుట్టిన పిల్ల, నోటికి తెలుగు కన్నా హిందీయే ముందొస్తుంది.

ఆ రోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పిల్ల బడికి వెళ్లిపోయింది. అట్ట వేలాడుతోంది. పళ్లు తోముకుని, టీ తాగి పడుకున్నాను. ఆ పూట నేను చేసింది ఇంతేనని నా గుర్తు.

మధ్యాహ్నం దాహమేసి, చీకట్లోనే మంచం దిగాను. కాలు దేనిమీదో మెత్తగా పడింది. నా బరువంతా దానిమీదే మోపాను. అరుపు వినపడింది. కుందేలు అరవగలదని నాకు అప్పుడే తెలిసింది. అచ్చం చంటిపిల్ల గొంతు. వంటింట్లోంచి మా ఆవిడ పరిగెత్తుకొచ్చి లైటు వేసింది.

“ఏటయ్యిందండీ? ఏటి తొక్కీసినారు?”

వంగి కుందేల్ని చేతుల్లోకి తీసుకున్నాను.

తువ్వాల్లో చుట్టి, స్కూటర్ మీద పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు వెనక కాలికి సన్నటి చెక్కముక్కలు పెట్టి కట్టు కట్టాడు. బతుకుతుంది గానీ ఇక కాలు ఈడ్చుకుంటూ నడుస్తుందన్నాడు. వెనక్కొచ్చే దారంతా అది ఒక్క చప్పుడు చెయ్యలేదు.

ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి బడి సంచితో గుమ్మంలోనే ఉంది. నాకో పాడు అలవాటు. ఏదైనా పాడైతే ఎలా అని అడగను, ఎవరు అని అడుగుతాను.

“అట్ట నువ్వే కట్టినావు కదా? మరి గడియెందుకు ఎయ్యలేదు?” అన్నాను.

“వేశాను నాన్నా. చిట్కనీ పెట్టాను, సచ్చీ, ఒట్టు.”

“పెడితే అదెలాగ బయటికొచ్చింది? ఎగిరొచ్చిందేటి?”

పిల్ల పెట్టె వైపు చూసింది. అట్ట ఇంకా వేలాడుతూనే ఉంది. అది ఉంటే ఇంకెవరూ ముట్టుకోరని నేర్పింది నేనే. కాబట్టి తప్పు తనదే అయ్యుండాలి. “మర్చిపోయానేమో మరి,” అని ఏడుపు మొదలుపెట్టింది. పిల్లని అలా ఏడవనిచ్చి నేను మళ్లీ పడుకోవడానికి వెళ్లాను.

సాయంత్రం లేచి పెట్టె శుభ్రం చేస్తుంటే, మూలన సగం కొరికిన గోబీ ఆకు కనపడింది. ఆ గోబీ పువ్వు పిల్ల బడికి వెళ్లాకే మా ఆవిడ కోసింది. అప్పుడు గుర్తొచ్చింది. ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, నిద్ర కళ్లతో, గడియ తీసి ఆ ఆకు పెట్టింది నేనే. కుందేలు నుదురు నిమిరాను. తలుపు దగ్గరికి వేశాను గానీ గడియ పెట్టలేదు. ఎర్ర అట్ట కళ్లెదురుగా ఉండగా చెయ్యి పెట్టినవాణ్ణి నేను.

ఆ ఆకుని చెత్తబుట్టలో వేసి, పైన ఉల్లిపాయ తొక్కలు కప్పాను.

చెప్పేద్దామనే అనుకున్నాను. రేపు చెబుదాం, షిఫ్ట్ మారాక చెబుదాం, ఆదివారం చెబుదాం. మూడు వారాలు అలాగే గడిచాయి. కుందేలు విషయంలో బాధపడ్డాను. ఆ తొక్కలు కప్పిన చెయ్యిని తలుచుకుంటే మాత్రం సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. డ్యూటీలో నిలబడే కునికేవాణ్ణి, ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టేది కాదు.

పిల్లకి గడియల పిచ్చి పట్టుకుంది. వీధి తలుపు, బాత్రూం కుళాయి, గ్యాసు, బడి సంచి జిప్పు. అన్నం తింటూ తింటూ లేచి వెళ్లి చూసొచ్చేది. బడికి బయల్దేరి సగం దారిలోంచి వెనక్కొచ్చేది. “దీనికి ఏటి గాలి సోకిందో,” అని మా ఆవిడ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గాం. దగ్గుతూ కూడా నేను నోరు విప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున్న పిల్ల కుందేల్ని ఎత్తుకుని నా దగ్గరికొచ్చింది.

“నాన్నా, దీన్ని జాముల్ పెద్దమ్మకి ఇచ్చేద్దాం.”

పెద్దమ్మంటే జాముల్‌లో ఉండే మా ఆవిడ అక్క. వాళ్లకి కాస్త పెరడు ఉంది.

“ఎందుకే?”

“నా దగ్గరుంటే దీనికి మళ్లీ ఏదో అవుతుంది. నాకు పెంచడం రాదు.”

ఏడుస్తూ అని ఉంటే ఇంకో వారం వాయిదా వేసేవాణ్ణేమో. ఎన్నో రోజులు ఆలోచించి తేల్చుకున్న మాటలా, మామూలుగా అంది. ఇక నావల్ల కాలేదు.

చెప్పేశాను. టీ గ్లాసు దగ్గర మొదలుపెట్టి ఉల్లిపాయ తొక్కల దాకా. మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనని గబగబా చెప్పాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలోకొచ్చి అంతా విని, నన్నొక చూపు చూసి లోపలికెళ్లిపోయింది.

ఇక పిల్ల తేలికపడుతుందనుకున్నాను. ఏడిస్తే దగ్గరకి తీసుకుందామని సిద్ధంగా కూడా ఉన్నాను. పిల్ల ఏడవలేదు. కుందేలు కాలి కట్టు వైపే చూస్తూ, “మరి ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలేదు?” అంది.

“అలిసిపోయి ఉన్నానమ్మా,” అన్నాను.

మా ఇంట్లో ఎవరేం అడిగినా నేను ఇచ్చే జవాబు అదే. చుట్టాల పెళ్లికి వెళ్లకపోయినా, బడిలో మీటింగుకి వెళ్లకపోయినా అదే. డ్యూటీ చేసొచ్చిన మనిషి కదా, దానికి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.



“నేను కూడా బాగా అలిసిపోయాను నాన్నా,” అంది. కోపంగా కాదు. కుందేల్ని జాగ్రత్తగా నా ఒళ్లో పెట్టి, లోపలికెళ్లి పడుకుంది.