సంతకం మా మరదలిది

ఆత్మకూరులో ఏటా కిడ్నీ రోగుల సహాయం కోసం విరాళాల నడక పెడతారు. బస్టాండు దగ్గర నడక ముగిశాక అవయవదాతల కుటుంబాలకు శాలువా కప్పి, ఉదయగిరి కొయ్య చెంచాల జత చేతిలో పెడతారు. మా తమ్ముడి తరఫున మూడేళ్లుగా వాటిని అందుకుంటున్నది నేను. ఇంటికి పెద్ద మగవాణ్ణని నన్నే పిలుస్తారు.

జరిగింది వేరు. తమ్ముడు బైకు మీద నుంచి పడ్డాడు. మెదడు ఇక పనిచేయదని నెల్లూరులో డాక్టర్లు తేల్చిన రోజు, వాడి కిడ్నీలు ఇవ్వడానికి నేను ఒప్పుకోలేదు. "వాడి ఒంటి మీద కత్తి పెట్టనీను," అని ఆస్పత్రి వరండాలో వాడి భార్య, మా మరదలి మీద అరిచాను. ఆమె ఏడుస్తూనే సంతకం పెట్టింది. తర్వాత ఏడాది పాటు నేను ఆమెతో మాట్లాడలేదు.

ఈ సంగతి నడక పెట్టేవాళ్లకు రెండుసార్లు చెప్పాను.

"ఆయమ్మ వెనక కూర్చోనుండాదిలే అన్నా. ఫోటోలో పెద్దోళ్లుంటేనే బాగుంటాది," అన్నారు.

ఈ ఏడు మైకు లాక్కుని ఉన్నదంతా చెప్పేశాను. జనం చప్పట్లు కొట్టారు. "చూడండి, మంచిపేరంతా మరదలికే ఇచ్చేస్తుండాడు అన్న," అంటూ శాలువా మళ్లీ నాకే కప్పారు.

విసుగొచ్చి దాన్ని తీసుకెళ్లి వెనక వరుసలో ఉన్న మరదలి ఒళ్లో పెట్టాను.

"ఇది నాకెందుకు బావా? ఆ యాడాదిలో ఒక్కసారి మా ఇంటికొచ్చుంటే చాలు," అంది.

వేదిక మీద ఎవరూ వినలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇచ్చింది ఆమె. అడ్డుపడింది నేను.